స్పేర్ డ్యూటీ

బస్సు డిపోలో ఏ డ్రైవరు ఏ బండి తియ్యాలో, ఏ కండక్టరుకు ఏ రోజు సెలవో రాసేది ఆయనే కాబట్టి అందరూ ఆయన్ని చార్టాయన అనేవారు. కోపం వచ్చినప్పుడు భార్య కూడా అలాగే పిలిచేది. తన చార్టు వల్ల ఒక్క బస్సు కూడా ఆలస్యంగా బయల్దేరలేదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. బయల్దేరింది ఎప్పుడు చేరిందని అడిగితే మాత్రం అది తన శాఖ కాదనేవాడు.

అలాంటి మనిషికి, కొడుకు లెక్కల్లో తప్పేలా ఉన్నాడని బడి నుంచి కబురొస్తే భయం వెయ్యలేదు. పైగా కాస్త హుషారొచ్చింది.

ఇంట్లో ఇద్దరు కవలలు. పది నిమిషాల ముందు పుట్టిన పుణ్యానికి అబ్బాయి పెద్దోడయ్యాడు. అమ్మాయికి పొద్దున లేచింది మొదలు ఏది చూసినా 'ఎందుకు' అనే మాటే నోట్లో ఉంటుంది కాబట్టి పిచ్చుక అని పేరు పడింది. ఇద్దరూ బడిలో ఆఖరి సంవత్సరం. ఇద్దరివీ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. శనివారం పరీక్షలో పెద్దోడు గట్టెక్కకపోతే లెక్కలు మాన్పించి వేరే గ్రూపులో వెయ్యక తప్పదని లెక్కల మేడమ్ ఫోన్‌లో చెప్పింది.

"ఇంతేనా? వీడికి చదువు రాక కాదు, చార్టు లేక," అని తేల్చేశాడు చార్టాయన. ఆదివారం పొద్దున్నే పెద్ద అట్ట, అడుగు స్కేలు, రంగు పెన్సిళ్లు ముందేసుకుని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ దగ్గర కూర్చున్నాడు. పెన్సిల్ చెక్కి, మొనను బొటనవేలి మీద గుచ్చి చూసుకుని, కొడుకును ఎదురుగా నిలబెట్టాడు.

"ఒక లెక్కకి ఎంతసేపు పడుతుందిరా?"

"లెక్కను బట్టి నాన్నా."

"సగటున చెప్పు."

"సగటున... రాదు నాన్నా."

వంటింటి గుమ్మంలో బట్టలు మడత పెడుతున్న తల్లి నవ్వు ఆపుకోలేక దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుంది. చార్టాయన పట్టించుకోలేదు. గీతలు గీశాడు. తెల్లవారుజామున లెక్కలు, ఎరుపు. సాయంత్రం బడి నుంచి రాగానే ఫిజిక్స్, నీలం. ఆ తర్వాత కెమిస్ట్రీ, ఆకుపచ్చ. మళ్లీ లెక్కలు. వారం వారమంతా రంగురంగుల గడులతో నిండిపోయింది. పిచ్చుక భుజం మీదుగా తొంగిచూసింది.

"లెక్కలు తెల్లారుజామునే ఎందుకు నాన్నా?"

"అప్పుడు బుర్ర తేటగా ఉంటుంది. దూరం సర్వీసులన్నీ మేం ఆ వేళకే తీస్తాం."

"మరి లెక్కల వెనకాలే ఫిజిక్స్ ఎందుకు పెట్టలేదు?"

"ఒకే తరహా రూటు రెండుసార్లు తిప్పితే డ్రైవరుకు నిద్రొస్తుంది."

"నిజంగా వస్తుందా, వస్తుందని అనుకుంటున్నామా? ఎవరన్నా చూశారా?"

చార్టాయన పెన్సిల్ చెవి వెనక దోపుకుని కూతుర్ని చూశాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"నా గడులేవి నాన్నా?"

"నీకెందుకమ్మా? నువ్వు ఎలాగూ చదువుకుంటావు. టేబుల్ ఖాళీ ఉన్నప్పుడల్లా నీదే."

పిచ్చుక అట్టను కింది నుంచి మీదికి వేలితో జాగ్రత్తగా వెతికింది. అలిగినట్టు కాదు, అర్థం చేసుకోవాలన్నట్టు అడిగింది. "అంటే నేను స్పేరా?"

డిపోలో ఆ మాట పిల్లలిద్దరికీ తెలుసు. స్పేర్ అంటే యూనిఫారం వేసుకుని వచ్చి, విశ్రాంతి గదిలో బెంచీ మీద కూర్చునే డ్రైవరు. ఎవరన్నా రాకపోతే వాళ్ల బండి తీస్తాడు. అందరూ వస్తే సాయంత్రం దాకా అలా కూర్చుని వెళ్లిపోతాడు.

"భలేదానివే! స్పేర్‌కి వేసేది ఎవరినో తెలుసా? అన్ని రూట్లూ వచ్చినవాణ్ణే," అని చార్టాయన గట్టిగా నవ్వి, అట్టను టేబుల్ ఎదురుగా గోడకు కొట్టాడు.

*

తల్లి ఆసుపత్రిలో నర్సు. ఈ నెలంతా మధ్యాహ్నం వెళ్లి రాత్రి భోజనాలయ్యాక వచ్చే షిఫ్టు. కాబట్టి సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడం, వంట, గిన్నెలు పిచ్చుకవే. పొద్దున్నే పెద్దోడు టేబుల్ దగ్గర ఎరుపు గడిలో కూర్చుని ఉంటే, డబ్బాల్లో భోజనాలు సర్దేదీ తనే. ఎవరూ చెయ్యమని చెప్పలేదు. అలా జరుగుతూ వచ్చిందంతే.

సోమవారం చార్టాయన డ్యూటీ దిగి, చెప్పులు చప్పుడు కాకుండా విప్పి, తనిఖీకి వచ్చినవాడిలా తలుపు పక్క నుంచి చూశాడు. కొడుకు నీలం గడిలో వేళకు సరిగ్గా కూర్చునే ఉన్నాడు. పుస్తకం తెరిచే ఉంది. కానీ చాలాసేపు చూసినా పేజీ తిరగలేదు. పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. బండి వేళకే బయల్దేరింది, కానీ ఇంకా డిపో గేటు దాటలేదు.

మంగళవారం మాత్రం వింత జరిగింది. భోజనం ముందు చార్టాయన వేణ్నీళ్లు తాగి గ్లాసును తడి బండ మీద బోర్లించి, మళ్లీ తియ్యబోతే అది పట్టుకుపోయింది.

"ఏంట్రా ఇది, బంక పూసినట్టు?"

"వేణ్నీళ్లకి లోపల గాలి వేడెక్కింది నాన్నా. ఇప్పుడు చల్లారి లోపల ఒత్తిడి తగ్గింది. బయటి గాలి పైనుంచి నొక్కుతోంది," అన్నాడు పెద్దోడు, అన్నం కలుపుకుంటూ.

చార్టాయన తల తిప్పి గోడ మీద అట్ట చూశాడు. "ఇది ఎప్పుడు చదివావు? ఈ వారంలో లేదే!"

"చదవలేదు. నిన్న గిన్నెలు తుడుస్తుంటే పిచ్చుక అడిగింది. నేను తప్పు చెప్పాను. కాదంది. ఇద్దరం పోట్లాడుకుని..."

"నువ్వు గిన్నెలు తుడుస్తున్నావా? కెమిస్ట్రీ వేళలో?"

పెద్దోడు ఇంకో ముద్ద కలుపుకున్నాడు. పిచ్చుక ఏదో అనబోయింది. చార్టాయన చెయ్యెత్తి ఆపాడు. రూటు తప్పిన బండి ఎంత బాగా నడిచినా తప్పు తప్పే. బుధవారం నుంచి సాయంత్రం పూట వంటింటికీ ముందుగదికీ మధ్య తలుపు వేసేశాడు. ఇవతల కొడుకు పెన్ను మూత చప్పుడు. అవతల గిన్నెల చప్పుడు. మాటలు లేవు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండటం చదువుకు మంచి శకునమే అనుకున్నాడు.

"ఒక్క గంట టేబుల్ నాకిస్తావా నాన్నా, వెలుతురుండగా?" అని పిచ్చుక అడిగింది. తడి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. "రాత్రి కూర్చుంటే అక్షరాలు కలిసిపోతున్నాయి."

"శనివారం దాకా ఓర్చుకోమ్మా. వాడిదొక్కటీ గట్టెక్కనీ."

గురువారం భార్యకు సెలవు. భోజనం కంచం చేత్తో పట్టుకుని అట్ట ముందు నిలబడి, ఆసుపత్రిలో రోగి చీటీ చదివినట్టు పై నుంచి కింది దాకా చదివింది.

"ఇందులో గిన్నెలెక్కడున్నాయి?"

"చదువు చార్టులో గిన్నెలెందుకే?"

"వాడు కూర్చున్న ప్రతి గంట కిందా ఎవరో ఒకళ్లు నిలబడి ఉన్నారు కాబట్టి." ఆమె గొంతు పెంచలేదు. "నన్నడక్కుండా నా పేరు రాసిన చార్టులు నేను చాలా చూశాను. అసలు పేరే రాయని చార్టు ఇదే చూడటం."

చార్టాయన ముక్కు గోక్కున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కాదు ఆయన. కానీ పరీక్ష రెండు రోజుల్లో ఉండగా బండి ఆపి టైరు మార్చడమేమిటని ఊరుకున్నాడు.

మర్నాడు డిపోలో ఒక డ్రైవరు ఆయన కిటికీ దగ్గరకొచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. కొన్ని నెలలుగా స్పేర్‌లోనే ఉన్న మనిషి.

"వచ్చే నెలైనా నాకో రూటు రాయండి సార్."

"నీకేం తక్కువయ్యా? ఎక్కడ పెట్టినా నడుపుతావు."

"అదే సార్ నా ఖర్మ. అన్నీ వచ్చని ఏదీ ఇవ్వరు. నిన్న పాత రూటుకే పంపారు. ఒక మలుపు మర్చిపోయి బండి వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. జనం నవ్వారు."

"చూద్దాంలే," అన్నాడు చార్టాయన, తలెత్తకుండా. ఆ కిటికీ దగ్గర రోజుకు నాలుగుసార్లు పలికే మాటే అది.

*

సోమవారం మధ్యాహ్నం బడికి రమ్మని పిలిచారు. ప్రయోగశాల పక్క గదిలో లెక్కల మేడమ్ ఆయనకు కుర్చీ చూపించింది. గోడకవతల ఎవరో గాజు సామాను కడుగుతున్న చప్పుడు.

"అబ్బాయి తప్పాడు," అంది ఆమె. "కొద్దిలోనే. వచ్చే వారం ఇంకొక అవకాశం ఇద్దామనుకుంటున్నాను. వాడి సంగతి మాకు తెలుసు కాబట్టి అంత కంగారు లేదు. మిమ్మల్ని పిలిచింది అందుకు కాదు. అమ్మాయికి ఏమైంది?"

"అమ్మాయికా? దానికేం, అది ఎలాగూ..." అని మొదలుపెట్టి, ఆ వాక్యం ఎక్కడో విన్నట్టనిపించి ఆగిపోయాడు.

"పరీక్షలో నిద్రపోయిందండీ. రెండుసార్లు లేపాను. మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. మళ్లీ కళ్లు మూసుకుపోయాయి. ఫిజిక్స్‌లో కూడా అంతేనట. క్లాసులో చెయ్యెత్తి నా ప్రాణం తీసే పిల్ల వారం నుంచి ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?"

"లేదండీ. అందరూ బాగానే ఉన్నారు," అన్నాడు చార్టాయన. అంటూ ఉండగానే చెవులు వేడెక్కాయి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆయన పని. నూరు మంది డ్రైవర్లకు విశ్రాంతి వేళలు లెక్కగట్టి రాసే మనిషి, ఇంట్లో ఒక్క పిల్ల ఎప్పుడు పడుకుంటుందో, ఎప్పుడు లేస్తుందో ఎక్కడా రాసుకోలేదు. నిద్రలేని డ్రైవరుకు బండి ఇస్తే ఆయన ఉద్యోగమే పోయేది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి మొదట వంటింటి తలుపు తెరిచాడు. తర్వాత అట్టను గోడ మీంచి తీసి బీరువా వెనక్కి తోశాడు.

"పిచ్చుకా, టేబుల్ దగ్గర నువ్వు కూర్చో. గిన్నెలు వాడు కడుగుతాడు."

పెద్దోడు మారుమాట్లాడకుండా చొక్కా చేతులు మడిచాడు. లెక్కల కంటే గిన్నెలే నయమని వాడి మొహంలో తెలుస్తూనే ఉంది. పిచ్చుక కుర్చీ లాక్కుంది. పుస్తకం తెరిచి, పెన్ను సర్దుకుని, కిటికీలోంచి పడుతున్న వెలుతురును అరచేత్తో ఒకసారి తడిమి చూసింది. చార్టాయన మంచం మీద కూర్చుని, బాకీ తీరినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

కానీ ఆ ఊపిరి సగంలో ఉండగానే పిచ్చుక పెన్ను కింద పెట్టింది.

"ఏమ్మా, వెలుతురు చాల్లేదా?"

"అది కాదు నాన్నా. మరీ నిశ్శబ్దంగా ఉంది. నాకు వచ్చో రాదో తెలీడం లేదు." బుగ్గ గోక్కుంది. "ఇదివరకు వాడికి చెప్పేదాన్ని. చెప్తుంటే ఎక్కడ రాలేదో అక్కడ నోరు ఆగిపోయేది. నువ్వు రా, ఇక్కడ కూర్చో. నీకు చెప్తాను."

"నాకా? నేను ఈ లెక్కలు చూసి పాతికేళ్లయింది. చూసినప్పుడూ రాలేదు."

"అయితే ఇంకా మంచిది."

చార్టాయన చంటిపిల్లాడిలా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. పిచ్చుక తెల్లకాగితం మీద ఒక బస్సు బొమ్మ వేసింది. బస్సు కదిలిన దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుందని చెప్పింది. అది తెలుసని తలూపాడు. ఇప్పుడు బస్సు వెళ్లిన దూరం సెకన్ల వర్గంలా పెరుగుతోందనుకుని, సరిగ్గా మూడో సెకను దగ్గర, ఆ ఒక్క క్షణంలో బస్సు వేగం ఎంతో కనుక్కోవాలంది. దానికొక సూత్రం ఉందంటూ గబగబా రాసి, ఆరు అని గీత గీసింది.

"ఆగాగు," అన్నాడు చార్టాయన. "ఒక్క క్షణం అంటున్నావు. క్షణంలో బస్సు ఎంత కదులుతుంది?"

"ఏమీ కదలదు. క్షణం అంటే ఒక చుక్కలాంటిది, అంతే."

"కదలనప్పుడు వేగం ఎక్కడినుంచొచ్చింది?"

పిచ్చుక నోరు తెరిచింది. మూసింది. సూత్రం వైపు చూసింది. ఆ సూత్రంతో ఇప్పటిదాకా ఎన్ని లెక్కలు చేసిందో లెక్కలేదు. ఒక్కటీ తప్పు పోలేదు. అయినా ఈ మాటకు జవాబు అందులో లేదు.

"అదే!" అని వంటింట్లోంచి కేక వినబడింది. పెద్దోడు సబ్బు నురగ మోచేతుల దాకా కారుతుండగా గుమ్మంలోకొచ్చాడు. "సరిగ్గా అదే నాన్నా నా డౌటు! పోయిన సంవత్సరం నుంచీ అదే. క్లాసులో అడిగితే ముందు సూత్రం రాయి, తర్వాత అర్థమవుతుందన్నారు. రాస్తూనే ఉన్నాను. అర్థం కాలేదు. ఇది అర్థం కాకుండా తర్వాతి లెక్క ఎలా చెయ్యను? అక్కడే కూర్చుండిపోయేవాణ్ణి."

చార్టాయనకు తెరిచే ఉండి తిరగని పేజీ, పెన్ను మూత చప్పుడు గుర్తొచ్చాయి. వీడు బద్ధకంగా కూర్చున్నాడనుకున్నాడు. ఇన్నాళ్లూ వీడు ఒక్క ప్రశ్నకు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"మరి ఇంతకాలం చెప్పలేదేంరా?" అంది పిచ్చుక, నిజంగానే కోపంగా.

"నువ్వు టకటకా చేసేస్తుంటే, ఇది కూడా తెలీదా అంటావని."

"నాకు మాత్రం తెలుసా ఏంటి?"

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత పిచ్చుక కాగితం తిప్పి రెండో వైపు పెట్టింది. పెద్దోడు చేతులు ప్యాంటుకే తుడుచుకుని పక్కన నిలబడ్డాడు. పిచ్చుక అన్నట్టే దూరం సెకన్ల వర్గంలా పెరుగుతుందనుకుందాం అన్నాడు. మూడో సెకనుకి తొమ్మిది మీటర్లు, నాలుగో సెకనుకి పదహారు. మధ్యలో సగటు వేగం ఏడు. "ఇది మరీ పెద్ద ముక్క. చిన్నది తీసుకో," అంది పిచ్చుక. సెకనులో పదో వంతు తీసుకున్నారు. ఆరు పాయింట్ ఒకటి వచ్చింది. నూరో వంతు తీసుకున్నారు. పెద్దోడు గుణించాడు, పిచ్చుక సరిచూసింది. ఆరు పాయింట్ సున్నా ఒకటి.

చార్టాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి కాగితం మీదికి వంగాడు. "ఆరు వైపు పోతోంది."

"అవును నాన్నా."

"చేరుతుందా?"

పెద్దోడు గోడ వైపు చూశాడు. అట్ట తీసేసిన చోట మేకు మాత్రం ఉంది. వాడు నెమ్మదిగా, తన మాట తనే వింటున్నట్టు అన్నాడు. "చేరదు నాన్నా. ఎంత చిన్న ముక్క తీసుకున్నా ఇంకొంచెం మిగులుతుంది. కానీ ఇంకెక్కడికీ పోదు. అది ఆరు దగ్గరికే పోవాలి. అందుకే ఆ క్షణంలో వేగం ఆరు అంటారు. అంతేనా పిచ్చుకా?"

పిచ్చుక మూడు అంకెల కింద మూడు గీతలు గీసి, వాటినే చూస్తూ ఉండిపోయింది. అన్ని మార్కులు తెచ్చిపెట్టిన సూత్రం ఇప్పుడే మొదటిసారి కనబడినట్టు. వంటింట్లో కొళాయి కట్టలేదని అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

*

మరుసటి ఆదివారం కొత్త అట్ట తెచ్చారు. ఈసారి పెన్సిల్ పిచ్చుక చేతిలో ఉంది, స్కేలు పెద్దోడు పట్టుకున్నాడు. ముందు నిద్ర గడులు నింపాలని తల్లి పట్టుబట్టింది. ఆ తర్వాత వంట, గిన్నెలు, బట్టలు నలుగురికీ పంచారు. మిగిలిన చోట చదువు. టేబుల్ సాయంత్రం ఒక గంట పిచ్చుకది, ఒక గంట పెద్దోడిది. వాళ్ల గంటలో ఎవరూ పిలవకూడదు. గురువారం మాత్రం ముగ్గురికీ కలిపి ఒక గడి. అందులో నాన్నకు ఏదో ఒకటి అర్థమయ్యేలా చెప్పాలి. ఎవరు చెప్పలేకపోతే వాళ్లు ఆ పాఠం మళ్లీ చదవాలి.

"నేను మందబుద్ధినని గోడకు రాసి పెడుతున్నారన్నమాట," అన్నాడు చార్టాయన.

"కాదు నాన్నా, నువ్వు మా పరికరానివి," అంది పిచ్చుక.

రెండో పరీక్షలో పెద్దోడు గోడ మీద పిల్లిలా అటా ఇటా ఊగి చివరికి ఇవతలికే దూకాడు. లెక్కలు వదలక్కర్లేదని మేడమ్ చెప్పింది. పిచ్చుక ఇంకా పాత స్థానానికి పూర్తిగా రాలేదు గానీ, క్లాసులో చెయ్యెత్తి మళ్లీ ప్రాణం తీస్తోందని కూడా చెప్పింది. డిపోలో చార్టాయన వచ్చే నెల చార్టు మొదలుపెడుతూ, అందరికంటే ముందు ఆ స్పేర్ డ్రైవరును కిటికీ దగ్గరికి పిలిపించాడు. ఏ రూటు కావాలో అడిగి, అదే రాశాడు.

ఆ మంగళవారం ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరకలేదు. పెద్ద మలుపు దగ్గర బస్సు ఎడమకు తిరిగితే, నిలబడ్డ జనమంతా కుడివైపుకు ఒరిగారు. చార్టాయన కూడా ఒరిగాడు. ఇన్నేళ్లుగా రోజూ ఒరుగుతూనే ఉన్నాడు. ఇవాళ మొదటిసారి, బస్సు అటు పోతే మనుషులు ఇటెందుకు పోతున్నారనిపించింది. ఎవరు తోశారు? మిగతా దారంతా ప్రతి మలుపులోనూ ఆయన జనం భుజాలే చూస్తూ వచ్చాడు. ఒకామె ఆయన్ని అనుమానంగా చూసి సంచీ దగ్గరికి లాక్కుంది.

ఇంట్లో అడుగుపెట్టి, చెప్పులైనా విప్పకుండా కొడుకును అడిగాడు. "ఒరేయ్, బస్సు మలుపు తిరిగితే..."

బట్టలు మడత పెడుతున్న పెద్దోడు వేలు నోటి మీద పెట్టుకుని, టేబుల్ వైపు చూపించాడు. గుసగుసగా అన్నాడు. "చార్టు చూడు నాన్నా. నీ డౌట్లకి గురువారం."

టేబుల్ దగ్గర పిచ్చుక తలెత్తలేదు.

చార్టాయన చెప్పులు విప్పాడు. మంగళవారం సాయంత్రం గిన్నెలు తనవే. వంటింట్లోకి వెళ్లి ఒక గిన్నెలో సగం నీళ్లు పట్టి, అడుగంటిన మాడు వదలడానికి గుండ్రంగా తిప్పాడు. నీళ్లు మధ్యలో గుంటపడి, అంచుల మీదికి ఎగబాకాయి. తిప్పడం ఆపితే దిగిపోయాయి. ఇంకా గట్టిగా తిప్పాడు. ఇంకా పైకి ఎక్కి చొక్కా మీద పడ్డాయి.

"పిచ్చు..." అని నోటిదాకా వచ్చింది. అది కూతురి గంట అని గుర్తొచ్చి ఆగిపోయాడు. గుమ్మంలోంచి ఒకసారి తొంగిచూసి, గిన్నెను పొట్టకు దగ్గరగా పట్టుకుని, ఈసారి చప్పుడు కాకుండా, మెల్లగా తిప్పి చూశాడు.